ఐ7 ప్రాసెసర్, హెచ్610 బోర్డు, ఒకే ర్యామ్ స్టిక్: ఈ కొటేషన్ ఎక్కడ దెబ్బతింటుంది, బదులుగా ఏం తీసుకోవాలి

మీ ప్రశ్న ఇదీ: 1080పీ 180 హెర్ట్జ్ మానిటర్ ఉంది, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ గ్రాఫిక్స్ కార్డు కొనేశారు. ఎక్కువగా ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. సెలవు రోజుల్లో సైబర్‌పంక్. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఒక షాపువాళ్లు ఐ7-14700ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 బోర్డు, డీడీఆర్4-3200 ర్యామ్ 16 జీబీ స్టిక్ ఒకటి అని కొటేషన్ రాసిచ్చి, "ఐ7 కదా సార్, ఐదేళ్లు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు" అన్నారు. తీసుకోవచ్చా అని అడిగారు.

వద్దు. 14700ఎఫ్ చెడ్డ ప్రాసెసర్ కాదు. కానీ డబ్బంతా దాని మీదే పోసి, దాన్ని పరిగెత్తనివ్వని బోర్డునూ ర్యామ్‌నూ పక్కన పెట్టారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంది ఆ కొటేషన్. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ అనేవి మూడు వేర్వేరు కొనుగోళ్లు కావు, మూడూ కలిపి ఒకటే నిర్ణయం.

ముందు హెచ్610 సంగతి. 14700ఎఫ్ పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది. అది బేస్ పవర్ మాత్రమే, టర్బోలో (అంటే వేగం పెంచుకున్నప్పుడు) ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ పరిమితి 219 వాట్లు. హెచ్610 బోర్డుల్లో ఎక్కువ శాతం చౌక ఐ3, ఐ5 ప్రాసెసర్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే. ప్రాసెసర్ చుట్టూ ఉండే వీఆర్‌ఎం, అంటే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటిన్నర వోల్టుల లోపుకు దించే భాగం, వాటిలో చిన్నది. దాని మీద హీట్‌సింక్ కూడా చాలా వాటికి ఉండదు. గేమ్‌లో 219 వాట్లు లాగకపోవచ్చు కానీ షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు వాడకం బాగా పెరుగుతుంది. మే నెలలో గది 38 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. వీఆర్‌ఎం వేడెక్కగానే బోర్డు ప్రాసెసర్ స్పీడును కోసేస్తుంది. మొదటి పదిహేను నిమిషాలు అంతా బాగుండి, తర్వాత కుదుపులు మొదలయ్యాయని వచ్చే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ర్యామ్ విషయంలో హెచ్610 ఇంకో చెయ్యి కట్టేస్తుంది. ఇందులో మెమరీ ఓవర్‌క్లాకింగ్, అంటే ర్యామ్‌ను మామూలు వేగం కంటే ఎక్కువలో నడపడం, ఉండదు. డీడీఆర్4 బోర్డయితే 3200 దగ్గర ఆగిపోతుంది, మీరు 3600 స్టిక్ కొన్నా 3200లోనే నడుస్తుంది. దానికి తోడు ఒకే స్టిక్ ఇచ్చారు. డీడీఆర్4-3200 ఒక స్టిక్ సెకనుకు 25.6 జీబీ ఇవ్వగలదు, రెండు స్టిక్‌లు డ్యూయల్ ఛానెల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి) 51.2 జీబీ, డీడీఆర్5-6000 జత అయితే 96 జీబీ. ఇవి కాగితం మీది లెక్కలే అయినా, 20 కోర్ల ప్రాసెసర్‌కు 25.6 జీబీ దారి వదలడం ఎంత అన్యాయమో తెలియడానికి చాలు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేమ్‌లు) కంటే ముందు కనిష్ఠ ఎఫ్‌పీఎస్ పడిపోతుంది. చేతికి తగిలే కుదుపు అదే.

ఇంకో రెండు మాటలు. 14700ఎఫ్ కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 14వ తరమే చివరిది. రేపు ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు కూడా మార్చాల్సిందే. పైగా 13, 14 తరాల్లో 65 వాట్లు, ఆపై డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీకి లోనై కాలక్రమంలో అస్థిరంగా మారే సమస్య బయటపడింది. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి, 2025లో 0ఎక్స్12ఎఫ్ మైక్రోకోడ్‌లతో (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము సవరణలతో) ఇంటెల్ దాన్ని సరిదిద్దింది, బాధిత ప్రాసెసర్లకు వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ మీ బోర్డు బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) ద్వారానే వస్తుంది. షాపులో ఏడాదిగా మూలన పడున్న బోర్డులో పాత బయోస్ ఉంటే, మీరు అప్‌డేట్ చేసేదాకా రక్షణ లేనట్టే.

మీ అవసరానికి తగ్గది ఇదీ: ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600 లేదా 9600ఎక్స్ ప్రాసెసర్, వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ ఉన్న బి650 లేదా బి850 మైక్రో-ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు, డీడీఆర్5-6000 సీఎల్30 16 జీబీ రెండు స్టిక్‌ల కిట్. 14700ఎఫ్‌కూ 7600కూ మధ్య ఉన్న ధర తేడా మంచి బోర్డు వైపు వెళ్లాలి. డబ్బు ఇంకా ఉంటే, బోర్డునూ ర్యామ్‌నూ కదపకుండా 7800ఎక్స్3డీకి వెళ్లండి. మీరు ఆడే గేమ్‌లకు దాన్ని మించినవి 9800ఎక్స్3డీ లాంటి కొన్నే. కానీ 5060 టీఐ పక్కన 9800ఎక్స్3డీ పెట్టడం నా దృష్టిలో దుబారా.

ఎక్స్3డీల్లో ప్రత్యేకత ఏమిటంటే క్యాష్ మెమరీ, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ. 7600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 7800ఎక్స్3డీలో 96 ఎంబీ. గేమ్ ఇంజిన్ ప్రతి ఫ్రేమ్‌కూ ఆటగాళ్లు, తూటాలు, గోడలు వంటి వందల చిన్న చిన్న సమాచారాలను అక్కడక్కడా వెతుకుతూ ఉంటుంది. అది క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లాలి. ఆ ప్రయాణంలో ప్రాసెసర్ ఊరికే కూర్చుంటుంది. అందుకే 8 కోర్ల 7800ఎక్స్3డీ చాలా గేమ్‌లలో 20 కోర్ల 14700ఎఫ్ కంటే ముందుంటుంది, అదీ చాలా తక్కువ కరెంటుతో. వీడియో రెండరింగ్‌లో కథ తిరగబడుతుంది, అక్కడ కోర్లు ఎక్కువున్నదే గెలుస్తుంది. ఎడిటింగ్ మీ పనిలో సగం అయితే ఆ మాట విడిగా చెప్పండి, సలహా మారుతుంది.

ఎక్స్3డీ మీకు నిజంగా అవసరమా అన్నది ఊహించక్కర్లేదు, పరీక్షించవచ్చు. స్నేహితుడి కంప్యూటర్‌లోనైనా సరే, మీరు ఆడే గేమ్‌ను మీరు వాడే సెట్టింగ్‌లలో పెట్టి ఎఫ్‌పీఎస్ చూడండి. తర్వాత రిజల్యూషన్‌ను 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇప్పటిదాకా ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. పెద్దగా కదలకపోతే ఆపుతున్నది ప్రాసెసర్ లేదా ర్యామ్. ముందుగా గేమ్‌లో ఎఫ్‌పీఎస్ లిమిట్, వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగం దగ్గర ఆపే సెట్టింగ్) రెండూ ఆపేయాలి, లేకపోతే పరీక్షకు అర్థం ఉండదు. సైబర్‌పంక్‌లో రే ట్రేసింగ్ పెడితే మీ 5060 టీఐయే ముందు చేతులెత్తేస్తుంది, అక్కడ 7600కూ 7800ఎక్స్3డీకీ తేడా పెద్దగా కనబడదు. వాలరెంట్‌లో 7600 మీ 180 హెర్ట్జ్‌ను సునాయాసంగా దాటుతుంది. కౌంటర్ స్ట్రైక్ 2లో సగటు బాగానే ఉన్నా పొగ, నిప్పు, పదిమంది ఒకేచోట చేరినప్పుడు కిందికి దిగుతుంది. ఆ దిగడం భరించలేనివాళ్లకే ఎక్స్3డీ.

ప్రాసెసర్ పేర్లలో ఉచ్చులు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కొటేషన్ వద్దంటే తర్వాతి కొటేషన్‌లో ఇవే వస్తాయి. 8600జీ, 8700జీ నంబరు పెద్దదని 7600 కంటే మేలనుకోకండి. అవి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్ల కోసం చేసినవి. ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, కార్డుకు ఇచ్చే పీసీఐఈ లేన్లు (సమాచారం వెళ్లే దారులు) 8 మాత్రమే. 8500జీలో అయితే 4 లేన్లే, మీ కార్డుకు కావలసిన 8లో సగం. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో కూడా ఇలాంటిదే ఉంది: 5700ఎక్స్‌లో 32 ఎంబీ క్యాష్, ఎక్స్ లేని 5700లో 16 ఎంబీ, పైగా పీసీఐఈ 3.0. ఒక్క అక్షరమే తేడా, లోపల సరుకు వేరు. ఇక 7500ఎఫ్ మంచిదే, దొరికితే తీసుకోవచ్చు. 7600తో తేడా ప్రధానంగా లోపలి గ్రాఫిక్స్ లేకపోవడం. రేపు కార్డు సర్వీసుకు వెళ్తే 7600లో బోర్డు నుంచి మానిటర్‌కు బొమ్మ వస్తుంది, 7500ఎఫ్‌లో రాదు. ఆ సౌకర్యానికి కొద్దిగా ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు.

ఇంటెల్‌లోనే ఉండాలనుకుంటే 12400ఎఫ్ లేదా 14400ఎఫ్, డీడీఆర్5 ఉన్న బి760 బోర్డు తీసుకోండి. బి760లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేకపోయినా ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (పెట్టె మీద రాసిన వేగంలో ర్యామ్‌ను నడిపే సెట్టింగ్) పనిచేస్తుంది. ఇంటెల్ కొత్త కోర్ అల్ట్రా 200 వరస కరెంటు తక్కువ తింటుంది కానీ గేమింగ్‌కే అయితే ఆ ధరలో రైజెన్‌ను దాటి దాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనబడదు.

బోర్డు. 7600, 9600ఎక్స్, 7800ఎక్స్3డీ కూర్చునే ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, కనీసం 2027 దాకా దీనికి మద్దతు ఇస్తామని కంపెనీ చెప్పింది. 2016లో వచ్చిన ఏఎం4కు 2022లో 5800ఎక్స్3డీ వచ్చిన సంగతి చూస్తే ఆ మాటకు విలువుంది. ఇవాళ 7600 పెట్టి, మూడేళ్ల తర్వాత అదే బోర్డులో ఎక్స్3డీ వేసుకోవచ్చు. ఆ అవకాశం కోసమే బోర్డులో కక్కుర్తి పడొద్దంటున్నాను.

చూడాల్సినవి తక్కువే. వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ ఉందా, వెనక ప్యానెల్ మీద బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ మార్చేది) ఉందా, తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ బోర్డు పేజీలోని ప్రాసెసర్ల జాబితాలో మీ మోడల్ పక్కన ఏ బయోస్ వెర్షన్ రాసుంది, ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్‌లు రెండున్నాయా. వైఫై కావాలంటే వైఫై మోడల్ చూసుకోండి. ఖరీదైన ఎక్స్870 బోర్డుల మీద తప్పనిసరిగా వచ్చే యూఎస్‌బీ4 కోసం గేమర్ డబ్బు పెట్టక్కర్లేదు. ఏ620 బోర్డు 7600ను నడుపుతుంది, ర్యామ్‌కు ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటి ఏఎండీ సెట్టింగ్) కూడా పనిచేస్తుంది, కానీ చాలా వాటికి హీట్‌సింక్ ఉండదు, కొన్నింటిలో పెద్ద ప్రాసెసర్లకు పవర్ పరిమితి ఉంటుంది. బి840 అన్న పేరు చూసి బి850కి తమ్ముడనుకోవద్దు. అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు, చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్) నుంచి వచ్చేవి పీసీఐఈ 3.0 లేన్లే.

ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఎందుకంటే, 9600ఎక్స్‌ను పాత స్టాకు బి650 బోర్డులో పెడితే బొమ్మే రాకపోవచ్చు. అప్పుడు బయోస్ ఫైలును ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మాన్యువల్‌లో చెప్పినట్టు పేరు మార్చి, గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులో పెట్టి, 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్ 8 పిన్నుల కేబుల్ రెండూ తగిలించి బటన్ నొక్కాలి. లైటు మిణుకుమిణుకుమంటూ ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి, కొన్నిసార్లు బోర్డు సర్వీసు సెంటర్‌కే వెళ్లాలి. కాబట్టి ఆ పని యూపీఎస్ మీద పెట్టుకుని చేయండి. ఈ తలనొప్పి వద్దనుకుంటే బి850 తీసుకోండి, అవి 9000 వరస తర్వాత వచ్చినవి.

ఇక ర్యామ్. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పెట్టె మీద 6000 అన్న అంకె ఒక్కటే చూస్తారు. పక్కన సీఎల్ అన్న అంకె కూడా చూడాలి. అడిగిన సమాచారం ఇవ్వడం మొదలుపెట్టడానికి ర్యామ్ తీసుకునే క్లాక్‌ల లెక్క అది, తక్కువైతే మేలు. డీడీఆర్5-6000లో అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్, ఒక్కో క్లాక్ నానోసెకనులో మూడో వంతు. సీఎల్30 అంటే 30 క్లాక్‌లు, అంటే 10 నానోసెకన్లు. సీఎల్36 అయితే 12. డీడీఆర్5-5600 సీఎల్46 అని చౌకగా దొరికే పచ్చ స్టిక్‌లలో అదే లెక్క 16.4 వస్తుంది. 7600 లాంటి చిన్న క్యాష్ ప్రాసెసర్‌కు ఈ తేడా తగులుతుంది. ఎక్స్3డీకి ఈ బెంగ తక్కువ, దాని క్యాష్ ర్యామ్ దాకా వెళ్లే అవసరాన్నే తగ్గిస్తుంది. సీఎల్30, సీఎల్36 మధ్య ధర తేడా పెద్దగా ఉంటే సీఎల్36 తీసుకుని నిశ్చింతగా ఉండండి. 7200, 8000 కిట్‌ల జోలికి వెళ్లొద్దు. ఏఎం5లో 6000 నుంచి 6400 దాటాక మెమరీ కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది, కొన్నదాని ఫలం దక్కదు.

రెండు స్టిక్‌లే, నాలుగు వద్దు. 7000, 9000 వరసలకు నాలుగు స్టిక్‌లు పెడితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. "ఇప్పుడు 16 రెండు పెట్టి తర్వాత ఇంకో రెండు కలుపుతాను" అనే పథకం డీడీఆర్4 రోజుల్లో చెల్లింది, ఇక్కడ చెల్లదు. 8 జీబీ స్టిక్‌లు రెండు కూడా వద్దు. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్ మీద చిప్‌లు నాలుగే ఉంటాయి, వాటి లోపలి బ్యాంక్ గ్రూపులు (సమాచారం దాచే గదుల గుంపులు) సగమే, అందుకే అదే వేగం రాసున్నా 16 జీబీ స్టిక్ కంటే నెమ్మది.

2025 చివరి నుంచి ఏఐ సర్వర్ల గిరాకీతో ర్యామ్ ధరలు చుక్కలనంటాయి కాబట్టి 32 జీబీ కిట్ ఇప్పుడు కొనలేకపోతే అది మీ తప్పేం కాదు. అలాంటప్పుడు 16 జీబీ స్టిక్ ఒకటి పెట్టి, రెండోది అదే కంపెనీ అదే పార్ట్ నంబరుతో తర్వాత కలపండి. అప్పటిదాకా ఎఫ్‌పీఎస్ కొంత తగ్గుతుంది, వెనక క్రోమ్ ట్యాబ్‌లు మూసి ఆడాలి. పార్ట్ నంబరు ఒకటైనా లోపలి చిప్‌లు మారే అవకాశం ఉంది, 6000లో నిలవకపోతే 5600కు దించుకోవాలి. ఇంట్లో డీడీఆర్4 16 జీబీ జత, ఏఎం4 బోర్డు ముందే ఉన్నవాళ్లయితే ఏఎం5 ఆలోచన మానేసి 5700ఎక్స్ వేసుకోవడమే ఇప్పుడు తెలివైన పని. మీకు అవి లేవు కాబట్టి అది వదిలేద్దాం.

బిగించేటప్పుడు నాలుగు స్లాట్‌ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. ఒకటి, రెండులో పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో పడి సగం వేగమే వస్తుంది, కంప్యూటర్ మాత్రం ఏమీ చెప్పదు. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ప్రాసెసర్‌ను నిలువుగా దించాలి, జరపకూడదు. పిన్ను వంగితే వారంటీ వర్తించదు. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత పారేయొద్దు, బోర్డు సర్వీసుకు పంపేటప్పుడు అది లేకపోతే తీసుకోరు. 7600తో వచ్చే కూలర్‌ను స్క్రూలతో బిగించాలి కాబట్టి ముందుగా సాకెట్‌కు రెండు వైపులా ఉన్న ప్లాస్టిక్ బ్రాకెట్లు తీసేయాలి. స్క్రూలు ఒక్కోటి కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలల్లో తిప్పుతూ రండి. ఒక మూల పూర్తిగా బిగించేస్తే రెండో పక్క లేచి, పేస్ట్ సరిగా పరుచుకోదు. 9600ఎక్స్, 7800ఎక్స్3డీ పెట్టెల్లో కూలర్ రాదు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న ఒక టవర్ కూలర్ లెక్కలో వేసుకోండి. ఆర్‌జీబీ ర్యామ్ ఎత్తుగా ఉంటే కూలర్ ఫ్యానుకు తగులుతుంది, కొనేముందే ఎత్తు చూసుకోవాలి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండి, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలిగి, ఏమీ కదలదు. పాడైందనుకుని స్విచ్ ఆపేయకండి. ఏఎం5 బోర్డు ర్యామ్‌కు సరిపడే సెట్టింగ్‌లను పరీక్షించి సరిచూసుకుంటోంది (మెమరీ ట్రెయినింగ్), కొన్ని నిమిషాలు పడుతుంది. పదిహేను నిమిషాలైనా రాకపోతే అప్పుడు ఒక స్టిక్ తీసి, మిగిలినదాన్ని రెండో స్లాట్‌లో ఉంచి చూడండి. బొమ్మ వచ్చాక బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేయాలి. చేయకపోతే మీరు కొన్న 6000 స్టిక్ 4800లోనో 5200లోనో నడుస్తూ ఉంటుంది. ఆన్ చేశాక మళ్లీ ఒకసారి నల్ల తెర, మళ్లీ ఓపిక. బూట్ కాకుండా తిరుగుతుంటే బోర్డు మీది క్లియర్ సీమాస్ పిన్నులను కాసేపు కలిపితే సెట్టింగ్‌లు మొదటికొస్తాయి. ఎస్‌ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా ఉందో లేదో చూడండి. 2023లో కొన్ని 7800ఎక్స్3డీలు కాలిపోయాక ఏఎండీ ఆ హద్దు పెట్టింది, కొత్త బయోస్‌లో అది దానంతటదే ఉంటుంది.

విండోస్ వేసేముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడపండి. రాత్రి పెట్టి పడుకుంటే చాలు. ఒక్క తప్పు చూపినా అది తప్పే. ఎక్స్‌పో ఆపితే తప్పులు పోతున్నాయా చూడండి: పోతే వేగం 5800కో 5600కో దించండి, పోకపోతే స్టిక్ మార్పించుకోండి. ఇది వదిలేస్తే నెల తర్వాత గేమ్‌లు ఊరికే మూసుకుపోతుంటాయి, మీరు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిట్టుకుంటూ ఉంటారు.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. వేగం 6000, స్లాట్‌లు 4లో 2 అని కనబడాలి. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపే సీపీయూ-జీ ప్రోగ్రాములో 3000 అని చూపితే కంగారు పడకండి, అది అసలు క్లాక్. మానిటర్ కేబుల్ బోర్డు వెనక కాక గ్రాఫిక్స్ కార్డుకే ఉందని, డిస్‌ప్లే సెట్టింగ్‌లలో 180 హెర్ట్జ్ ఎంచారని చూసుకోండి. 7600లో లోపలి గ్రాఫిక్స్ ఉండటం వల్ల తప్పు చోట పెట్టినా బొమ్మ వస్తుంది, గేమ్ మాత్రం ఈడుస్తుంది.

షాపుకు మళ్లీ వెళ్లినప్పుడు ప్రాసెసర్ సీలు పెట్టెలో ఉన్నదే అడగండి. విడిగా ట్రే ప్రాసెసర్ ఇస్తే, పెట్టెతో వచ్చే ఏఎండీ మూడేళ్ల వారంటీ బదులు షాపు మాటే మిగులుతుంది. ర్యామ్ కిట్ ఒకే ప్యాకెట్‌లో రెండు స్టిక్‌లుగా రావాలి. రెండు విడి స్టిక్‌లు చేతిలో పెట్టి కిట్ అంటే ఒప్పుకోవద్దు, వాటి మీది పార్ట్ నంబర్లు అక్కడే పోల్చి చూడండి. జీఎస్టీ బిల్లులో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ సీరియల్ నంబర్లు విడివిడిగా రాయించుకోండి. "గేమింగ్ పీసీ ఒకటి" అని ఒకే వరసలో రాసిన బిల్లుతో సర్వీసు సెంటర్‌లో రెండో ఏడాది ఒక్క స్టిక్ మార్పించుకోవడం కష్టం.